కారం లేని మిరపకాయతో ఆరేళ్లు



ఈ వారంలో నలుగురు ఫోన్ చేసినారు. నలుగురూ అడిగింది ఒకటే మాట. "అన్నా, రంగు క్యాప్సికం వేద్దామనుకుంటున్నాం, ఎంత మిగులుతుంది?" వీడియోలో ఎవరో ఎర్ర కాయ ఒక చేత, పసుపు కాయ ఒక చేత పట్టుకుని అర ఎకరాకు ఇన్ని లక్షలని చెప్తే చూసి ఉంటారు. నేనూ అట్లాంటిది చూసి దిగినోడినే, కాబట్టి ఎవరినీ ఎగతాళి చేయను. నలుగురికీ నాలుగుసార్లు చెప్పేదానికంటే ఒకసారి రాసి పెడితే మేలని రాత్రి సంగటి తిని కూర్చున్నా. పొడుగవుతుంది. ఓపిక ఉన్నోళ్లు చదవండి.

మాది కుప్పం వైపు. రెండున్నర ఎకరాలు, ఒక బోరు. మా నాయన కాలంలో రాగులు, చెనిక్కాయ, కొంచెం మల్బరీ. నా కాలంలో టమోటా, బీన్సు, కాలీఫ్లవర్. టమోటా సంగతి మీకు చెప్పేదేముంది, ఒక ఏడు కారు కొనిస్తుంది, మూడేళ్లు ఉన్న బండి అమ్మిస్తుంది. ఆ ఎగుడు దిగుడు పడలేక 2019లో యాభై సెంట్లకు షేడ్ నెట్ వేసుకున్నా. సగం సబ్సిడీ పోను మిగతాది బ్యాంకు అప్పు. అదీ చాలక మా ఇంటామె గాజులు, నల్లపూసల దండ కుదువపెట్టినా. ఆ గాజులు వాళ్ల పుట్టింటోళ్లు పెట్టినవి. ఈ ముక్క ఎందుకు చెప్తున్నానో ముందు ముందు తెలుస్తుంది.

నెట్ కట్టేటప్పుడు మా నాయన వచ్చి గట్టు మీద కూర్చునేవాడు. అప్పటికి ఎనభై దాటినాయి. "ఏం పెడతావురా?" అన్నాడు. బుంగ మిరపకాయ అన్నా. "కారం ఉంటుందా?" ఉండదు నాయనా అన్నా. "కారం లేని మిరపకాయ ఎవడు కొంటాడురా? మనిండ్లలో ఎవరన్నా తింటారా దాన్ని?" అన్నాడు. బెంగళూరోళ్లు తింటారులే అని నవ్వి పనిలో పడినా. నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరంలో అంత పెద్ద ఊరు ఉంటే మనిండ్లలో తినేదెందుకు అని అప్పటి లెక్క.

కొత్తోళ్లకు ఒక ముక్క. ఎర్ర క్యాప్సికం, పచ్చ క్యాప్సికం వేరే వేరే జాతి చెట్లని చానామంది అనుకుంటారు. కాదు. ఏ కాయైనా ముందు పచ్చగానే ఉంటుంది. మాగితే ఎర్ర రకం ఎర్రగా, పసుపు రకం పసుపుగా తిరుగుతుంది. పచ్చగా కోసే రకాలు, రంగుకు వదిలే రకాలు కంపెనీలోళ్లు వేరేగా ఇస్తారు, అది నిజమే. కానీ రంగు రకాన్నీ పచ్చిగానే కోసి అమ్ముకోవచ్చు. ఇంకోటి, పక్కన పచ్చిమిరప వేస్తే క్యాప్సికంకు కారం వస్తుందని మా ఊర్లో ఇప్పటికీ అంటారు. రెండూ ఒకే జాతివే, తేనెటీగలు అటూ ఇటూ పుప్పొడి మోస్తే సంకరం అవుతాయి. కానీ ఆ కారం బయటపడేది ఆ విత్తనాలు మళ్లీ వేసినప్పుడు, ఈ పంట కాయలో కాదు. ఏటా హైబ్రిడ్ నారు కొనే మనకు ఆ దిగులే అక్కర్లేదు.

ఇంక సేద్యం. 2019 నవంబరు ఆఖర్లో 5,500 నారు మొక్కలు పెట్టినా. ట్రేల్లో కొబ్బరిపొట్టులో పెంచిన నారు, ముప్పై అయిదు రోజులది, మొక్క తొమ్మిది రూపాయలు. టమోటా నారు రూపాయికి కొన్న చేతులకు తొమ్మిది రూపాయల మొక్క పట్టుకుంటే వణుకు వస్తుంది. మూడడుగుల బెడ్డు, మల్చింగ్ షీటు, డ్రిప్పు, బెడ్డుకు రెండు సాళ్లు, మొక్కకు మొక్కకు అడుగున్నర. నీళ్లు మొదట్లో ఎక్కువ పెట్టి ఓ మూడొందల మొక్కలు మొదలు కుళ్లి పడిపోయినాయి. నేల తడిగా ఉండాలి గానీ బురద కాకూడదని ఆ మూడొందల మొక్కలు నేర్పించినాయి.

నాటిన నెలకు మొక్క రెండుగా చీలుతుంది, ఆ చీలిక దగ్గర మొదటి పువ్వు వస్తుంది. దాన్ని గిల్లేయాలి. ఈ పని కూలోళ్లకు చెప్తే ఎవరూ చేయలేదు. "పువ్వు గిల్లితే పాపం రెడ్డీ" అని ఒకామె చేతులు వెనక్కి పెట్టుకునింది. చివరికి నేనూ మా ఇంటామే గిల్లినాం. దాన్ని అట్లే వదిలితే చెట్టు ఎదగక ముందే ఒక పెద్ద కాయ ఆ సందులో కూర్చుని బలమంతా లాగేస్తుంది. ఆ తర్వాత నాలుగు కొమ్మలు నిలుపుకుని, ఒక్కో కొమ్మకు పైతీగ నుంచి దారం కట్టి, వారం వారం పక్క చిగుళ్లు గిల్లుతూ పోవాలి. కొమ్మ చానా పెళుసు. కాయ పీకితే కొమ్మే వస్తుంది. కత్తెరతో తొడిమ పెట్టి కోయాల్సిందే.

ఎరువుల్లో ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తా. కాయ కింది మూతి నల్లబడి కుళ్లిపోతే అది తెగులు అనుకుని మందులు కొట్టొద్దండి. కాల్షియం అందక, నీళ్లు ఒకరోజు ఎక్కువ ఒకరోజు తక్కువ అయి వచ్చేది అది. కాల్షియం నైట్రేట్ డ్రిప్పులో ఇవ్వండి, కానీ భాస్వరం ఉన్న మందులతో గానీ సల్ఫేట్లతో గానీ ఒకే డ్రమ్ములో కలపొద్దు. పాలు విరిగినట్టు విరిగి డ్రిప్పు రంధ్రాలన్నీ మూసుకుంటాయి. నాకు రెండు బెడ్లు అట్ల ఎండినాయి. అంగట్లో అమ్మిన పిల్లోడు ఆ సంగతి చెప్పలేదు, నేనూ అడగలేదు.

సరే, చెట్టు బాగా వచ్చింది. చలి ఉండింది, పూత నిలిచింది. ఫిబ్రవరి నడిమికి చెట్టుకు నాలుగైదు కాయలు, ఒక్కోటి నూట యాభై, నూట అరవై గ్రాములు. పచ్చగా నిగనిగలాడతా ఉన్నాయి. చూసేదానికి ఊరోళ్లు వచ్చేవాళ్లు.

శివరాత్రి పోయిన మూడు నాలుగు రోజులకు మా ఇంటామె అడిగింది. "ఏమయ్యా, కింద రెండు కాయలు పచ్చివే కోసి పంపకూడదా? వి.కోట మండీలో కేజీ ఇరవై ఎనిమిది పలుకుతోందంట." నేను లెక్క చెప్పినా. పచ్చది ఇరవై ఎనిమిది, ఇంకో మూడు వారాలు ఓపిక పడితే రంగుది డెబ్బై అయిదు. అదే కాయ, అదే చెట్టు, మూడు వారాలు ఊరికే చూస్తూ ఉంటే చాలు, రెండింతల పైన. ఇంత సులువైన లెక్క అర్థం కాలేదా అన్నట్టు మాట్లాడినా. ఆమె ఒకటే అనింది. "చంకలో బిడ్డను దించకుండా ఇంకో బిడ్డను ఎత్తుకోమంటే ఆ చెట్టుకు చేతనవుతుందా?"

ఆమె చదివింది అయిదో తరగతి. ఆ తర్వాత హార్టికల్చరు ఆఫీసరు కూడా అదే మాట పుస్తకం భాషలో చెప్పినాడు. చెట్టు మీద కాయ మాగేదాకా ఉంటే పైన వచ్చే పూత నిలవదు, రాలిపోతుంది. కింద కాయ తీసేస్తేనే పైన పిందె కడుతుంది. రంగు వచ్చేదాకా ఉంచేదంటే మూడు వారాలు ఊరికే చూసేది కాదు, తర్వాతి కాపును కుదువపెట్టేది. నా లెక్కలో ఆ వడ్డీ లేదు.

మార్చి ఎనిమిది, తొమ్మిది తేదీల్లో మొదటి రంగు కోత. సగం రంగు తిరిగితే చాలు, మిగతాది దారిలో తిరుగుతుంది. పొద్దున ఎండ ఎక్కకముందే కోసి, అట్టపెట్టెల్లో కాగితం వేసి పేర్చి పంపినా. రెండు కోతలకు కలిపి ఆరొందల కేజీలు, డెబ్బై, డెబ్బై అయిదు పడింది. నలభై మూడు వేలు చేతికి వచ్చింది. ఆ రాత్రి నేను మా ఇంటామె ముందర ఆ డబ్బు రెండుసార్లు లెక్కపెట్టినా. ఒకసారి చాలు, రెండోసారి ఆమె కోసం లెక్కపెట్టినా.

తర్వాతి వారంలోనే బెంగళూరులో కరోనా భయానికి మాల్స్, సినిమా హాళ్లు మూసేసినారు, పెద్ద పెళ్లిళ్లు వద్దన్నారు. మండీ ఆయన ఫోన్ చేసి, "రేటు నలభైకి పడింది, ఉన్నది పంపించేయండి" అన్నాడు. మంచి మాటే చెప్పినాడాయన. నేనే వినలేదు. వారంలో అంతా సర్దుకుంటుంది, రేటు ఎక్కినాక కోద్దామని పట్టుబట్టినా. టమోటా రైతు బుద్ధి ఇది. పడింది మళ్లీ లేస్తుందని ఎదురుచూసేది. మాల్స్ మూస్తే పిజ్జా ఎవరు తింటారు, పిజ్జా లేకపోతే నా ఎర్ర కాయ ఎవరికి కావాలి అనే ఆలోచన ఒక్క రోజు కూడా రాలేదు. నేను పండించేది కూరగాయ అనుకున్నా. కానీ నా కాయ పోయేది కూర చట్టిలోకి కాదు.

మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ. 24 రాత్రి లాక్‌డౌన్ అన్నారు. 25 ఉగాది. ఆ పండుగనాడు పొద్దున షేడ్ నెట్‌లోకి పోతే అబ్బా, చెప్పలేను. ఒక పక్క ఎరుపు, ఒక పక్క పసుపు, మామిడాకు తోరణం మాదిరి వరసలు వరసలుగా. అంత అందంగా ఆ తోట మళ్లీ ఎప్పుడూ లేదు. మూడున్నర టన్నులు ఉంటుంది. మండీ ఆయనకు ఫోన్ చేస్తే, "కూరగాయల బండ్లు తిరగనిస్తారు అన్నా, పచ్చ క్యాప్సికం అయితే ఎంతో కొంతకు చూస్తా. రంగుది పంపొద్దు, హోటళ్లు లేవు" అన్నాడు. పచ్చ కాయ ఒక్కటన్నా లేదు నా దగ్గర. పైన పిందె కూడా లేదు.

మా పెద్దోడు బెంగళూరులో కంపెనీలో పనిచేస్తాడు, 23న బండి మీద ఇంటికి చేరినాడు. వాడే అన్నాడు. "నాయనా, అమ్మేది లేదు, సరే. చెట్టు మీద పెట్టుకుంటే చెట్టు కూడా చస్తుంది. కోసేద్దాం." కూలోళ్లు లేరు. ముగ్గురం ఆరు రోజులు కోసినాం. ట్రాక్టరు ట్రాలీకి ఎత్తి ఇంటింటికీ పంచినాం. వాలంటీరు పిల్లోడు పక్క రెండు ఊర్లకు పంచేదానికి సాయం వచ్చినాడు. అప్పటికీ మిగిలింది ఆవులకు వేసినాం. అవి కూడా రెండో రోజుకు మూతి తిప్పుకున్నాయి.

ఇంటింటికీ పంచేటప్పుడు ఒక తమాషా. "ఇది ఎట్ల చేసుకోవాల?" అని ప్రతి ఇంటి ముందరా అదే ప్రశ్న. కొందరు పచ్చిమిరప మాదిరి తాలింపులో వేసుకున్నారంట, కూరంతా తీపి అయిందని తిట్టినారు. ఒక ముసలామె కాయను తిప్పి తిప్పి చూసి, గుడిలో పెట్టొచ్చా అనింది. మా ఇంటామెకు మాత్రం రోషం వచ్చింది. చెనిక్కాయలు వేయించి, ఎండుమిరప, తెల్లగడ్డ, కొంచెం చింతపండు వేసి పొడి కొట్టి, కాయ నడిమి చీల్చి ఆ పొడి కూరి నూనెలో మగ్గబెట్టింది. గుత్తొంకాయ చేసినట్టే. ఆ రోజు మా నాయన రెండు కాయలు తిన్నాడు. "కారం మనం పెట్టుకుంటే బాగానే ఉంది" అన్నాడు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. ముందే చెప్పినా కదరా అనొచ్చు ఆయన. అనలేదు. నాకు అదే ఎక్కువ గుచ్చుకునింది.

ఆ వంట ఇంటింటికీ పాకింది. రెండో వారానికి జనాలే వచ్చి, "ఇంకా ఉన్నాయా?" అని అడిగి పోయినారు.

ఏప్రిల్‌లో ఎండ. ముప్పై అయిదు డిగ్రీలు దాటితే ఈ చెట్టుకు పూత నిలవదు. నెట్ కింద కూడా రాలిపోతూనే ఉండింది. పొద్దునొకసారి, మధ్యాహ్నం ఒకసారి కొంచెం కొంచెం నీళ్లు ఇచ్చి, ముదురు ఆకు తీయకుండా కాయలకు నీడ ఉంచి చెట్టును కాపాడుకున్నాం. ఆకు తీస్తే ఎండ దెబ్బకు కాయ మీద తెల్లటి మచ్చ పడుతుంది, ఇంక ఎవరూ కొనరు. మే ఆఖరి నుంచి జులై దాకా ఒక కాపు వచ్చింది. ఈసారి ఒక్క కాయ కూడా రంగు తిరగనివ్వలేదు. అయిదు టన్నులు పచ్చిగానే కోసి, మండీకి కొంత, చుట్టుపక్కల తోపుడు బండ్లోళ్లకు కొంత వేసినాం. పద్నాలుగు నుంచి ఇరవై లోపల పడింది, ఎనభై అయిదు వేలు వచ్చింది.

ఆ ఏడు ఖర్చు రెండు లక్షల అరవై వేలు. వచ్చింది లక్షా ఇరవై ఎనిమిది వేలు. బ్యాంకు కంతు ఇందులో కలపలేదు. శివరాత్రి తర్వాత ఆమె చెప్పినట్టు కింద రెండు కాయలు కోసి ఉంటే 1,650 కేజీలు, నలభై ఆరు వేలు. దాంతోపాటు పైన పిందె నిలిచి, లాక్‌డౌన్ నాటికి పచ్చ కాయలు చేతిలో ఉండేవి. నష్టం పోయేదని చెప్పను. గాజుల వడ్డీ అన్నా కట్టి ఉండేవాడిని. ఆ వడ్డీ కట్టలేక రెండోసారి తిరగరాయించినప్పుడు ఆమె కూడా బ్యాంకుకు వచ్చి సంతకం పెట్టింది. బయటికి వచ్చినాక బస్టాండులో టీ తాగుతూ, "వచ్చే ఏడు ఎన్ని సాళ్లు పచ్చివి కోస్తాం?" అని అడిగింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ ఏడు నుంచి మా పద్ధతి మారింది. సగం బెడ్లు పచ్చ రకం, సగం రంగు రకం. రంగు రకంలో కూడా కింద రెండు కాయలు పచ్చిగానే కోసేస్తాం, రేటు ఎంతున్నా సరే. ఆ పైన వచ్చేవి మాత్రం రంగుకు వదులుతాం. చూసేదానికి రంగు తగ్గినట్టు అనిపిస్తుంది గానీ, తూకం ఎక్కువే వస్తుంది. ఇది మా భూమికి, మా మండీలకు సరిపోయిన పద్ధతి. మీకు పక్కన ఎవరు కొంటారో చూసుకుని మీరే లెక్క వేసుకోండి.

అన్నీ బాగా జరిగినాయని రాస్తే అబద్ధం అవుతుంది. 2021 ఆఖర్లో గుంటూరు, ఖమ్మం మిరప చేలను పడుకోబెట్టిన నల్ల తామర పురుగు గుర్తుంది కదా, అది మా నెట్‌లోకి కూడా దూరింది. పాత తామర పురుగు ఆకును పైకి ముడిచేది. ఇది పువ్వులోనే కాపురం పెడుతుంది. తెల్లారి పువ్వు దులిపితే అరచేతిలో నల్లగా పదీ ఇరవై. పూత రాలిపోతుంది, నిలిచిన కాయ మీద గోరుతో గీకినట్టు చారలు. షేడ్ నెట్ నీడకే గానీ పురుగును ఆపదు, దాని కళ్లలో నుంచి అది నడుచుకుంటూ వస్తుంది. అంగడోళ్లు చెప్పిన ప్రతి మందూ కొట్టినా. రెండు మూడు కలిపి కూడా కొట్టినా. మందు ఎక్కువ కొట్టేకొద్దీ పురుగు ఎక్కువైంది, దాన్ని తినే మంచి పురుగులు చచ్చినాయి గదా మరి. చివరికి మందులు తగ్గించి, నీలం జిగురు అట్టలు దగ్గర దగ్గరగా కట్టి, చుట్టూ కలుపు లేకుండా పీకి, వేపనూనె కొట్టుకుంటూ పోతే కొంచెం అదుపుకు వచ్చింది. ఆ ఏడు రంగు కాయ ఎవరూ ముట్టలేదు, చారల కాయ హోటలోళ్లకు పనికిరాదు. పచ్చివి తోపుడు బండి మీద పోయినాయి. ఇంట్లో కూర వండుకునే ఆడోళ్లు చార చూడరు, కాయ గట్టిగా ఉందా లేదా అని నొక్కి చూస్తారు, అంతే.

2022 దసరాకు ముందు గాజులు ఇంటికి వచ్చినాయి. దండ ఆ మరుసటి సంక్రాంతికి. అంతకు నెల ముందే మా నాయన పోయినాడు.

ఇంక ఆ నలుగురు తమ్ముళ్ల ప్రశ్న. ఎంత మిగులుతుంది? నాకు ఆరేళ్లలో రెండేళ్లు నష్టం, ఒక ఏడు చేతికి చేయి, మూడేళ్లు లాభం. ఆ మూడేళ్ల లాభం కూడా వీడియోలో చెప్పిన దాంట్లో మూడో వంతు లేదు. అది కూడా నేనూ మా ఇంటామే రోజూ తోటలో ఉంటేనే. పక్క చిగురు గిల్లేదానికి, దారం చుట్టేదానికి అంతా కూలోళ్ల మీదే పెడితే ఏమీ మిగలదు. నెట్‌కు అప్పు చేసేటట్టయితే మొదటి ఏడే వేయొద్దు. పది సెంట్లలో బయటనే, చలికాలం పంటగా పచ్చ రకం వేసి చూడండి. చెట్టు గుణం తెలుస్తుంది, మీ చుట్టుపక్కల ఎవరు కొంటారో కూడా తెలుస్తుంది. కోసే ముందు మండీకి కాదు, ముందు మీ ఇంటి వంటింట్లోకి రెండు కాయలు పంపండి. వండే మనిషి ఏమంటుందో వినండి.

మొన్న శుక్రవారం సంతలో మా ఊరామె ఒకతె పచ్చ క్యాప్సికం కుప్ప పోసుకుని అమ్ముతోంది. మా తోటవే, తెల్లవారి తీసుకుపోయినవి. పక్కన ఒక గిన్నెలో చెనిక్కాయ పొడి కూడా పెట్టుకునింది, పావుకేజీ కాయలు కొన్నోళ్లకు ఒక చెంచాడు ఊరికే ఇస్తోంది. ఎవరు చెప్పినారు నీకు ఈ ఉపాయం అంటే, "మీ ఇంటామే" అనింది. ఇంట్లో నాకు ఎవరూ చెప్పలేదు.

ఈ ఏడు నారు వచ్చే బుధవారం వస్తోంది. 5,200 మొక్కలు. ఎన్ని సాళ్లు రంగుకు వదలాలో ఇంకా తేలలేదు. నేను ఇరవై అన్నా, ఆమె పద్నాలుగు అంటోంది.